వీపు మీద చలిగీత

ఇరవై రెండేళ్ళుగా స్లీపింగ్ బ్యాగులు బాగుచేస్తున్న మనిషి ఒక్క పూట కూడా స్లీపింగ్ బ్యాగులో పడుకోలేదంటే ఎవరూ నమ్మరు. జిప్పులక్కకి కూడా ఆ సంగతి సోమవారం పొద్దున దాకా తట్టలేదు.

కొండలెక్కే వాళ్ళకి సామాను అద్దెకిచ్చే షాపు అది. ముందు గదిలో అద్దాల తలుపు, బూట్ల వరసలు, గోడకి వేలాడే గుడారాలు. వెనక గదిలో కుట్టుమిషను, కిటికీ, పొడుగాటి బల్ల, ఆ బల్ల ముందు జిప్పులక్క. ఆమెని అసలు పేరుతో పిలిచేది ఓటర్ల జాబితా ఒక్కటే. షాపు ఓనరు దగ్గర్నించి వీధి చివర టీ కొట్టు దాకా అందరికీ ఆమె జిప్పులక్కే. ఎంత మొండి జిప్పయినా ఆమె చేతిలో పడితే రెండు నిమిషాల్లో మాట వింటుంది. పళ్ళ మీద కొవ్వొత్తి ముక్కతో రుద్దుతుంది, పటకారుతో రన్నరుని కొంచెం నొక్కుతుంది, ఒక్క లాగు లాగుతుంది. సర్రుమని వినిపించాక గానీ తలెత్తదు.

యాభై రెండేళ్ళ మనిషి. ఎత్తు ఐదడుగులు. "కొప్పుతో కలిపి" అంటాడు వాళ్ళ బావ. స్కూలు యూనిఫారాల కార్ఖానాలో కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి ముప్పయ్యో ఏట ఈ షాపుకి వచ్చింది. ఉండేది అక్కాబావల ఇంటి మేడ మీద గదిలో. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "తీరిక చేసుకుందామనుకున్నప్పుడల్లా ఎవరిదో ఒక గుడారం చిరిగి వచ్చేది" అని నవ్వేస్తుంది.

కొండ మీద, రెండు రోజుల నడక దూరంలో ఒక సరస్సు ఉంది. షాపులో సామాను తీసుకునే వాళ్ళలో ముప్పాతిక మంది అక్కడికే వెళ్తారు. తిరిగొచ్చిన బ్యాగుల జిప్పుల్లో ఒక రకం ఇసుక ఇరుక్కుని ఉంటుంది. బూడిద రంగుది, వెలుతురులో పెడితే అభ్రకం పొడిలా తళుక్కుమంటుంది. మొదట్లో దులిపి పారేసేది. తర్వాత ఎందుకో మనసొప్పక ఒక ఖాళీ సిరా బుడ్డిలో పొయ్యడం మొదలుపెట్టింది. ఒక్కో జిప్పుకి చిటికెడు. ఇరవై రెండేళ్ళకి బుడ్డి మెడ దాకా నిండింది. చూసి రావాలని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఆమె వెళ్ళలేదు గానీ, ఆ సరస్సు ఒడ్డే కొంచెం కొంచెంగా నడిచొచ్చి ఆమె కిటికీలో కూర్చుంది.

సోమవారం పొద్దున పటం మేష్టారు షాపుకి వచ్చారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఏటా పది మందిని వెంటబెట్టుకుని సరస్సు దాకా వెళ్ళొస్తారు. ఈసారి పది మందిలో ఒకామె కాలు బెణికి మానుకుందిట. ముందు గదిలో ఆయన ఓనరుతో ఆ మాట అంటూండగా వెనక గదిలోంచి జిప్పులక్క పరుగులాంటి నడకతో వచ్చింది. నోట్లో నాలుగు గుండుసూదులు. ఏదో చెప్పింది.

"సూదులు తీసి చెప్పమ్మా, భయమేస్తోంది" అన్నారు మేష్టారు.

తీసి చేతిలో పెట్టుకుంది. "ఆ చోటు నాకివ్వండి మేష్టారూ. నేనొస్తాను."

మేష్టారు ఆమెని కొప్పు నించి చెప్పుల దాకా ఒకసారి చూశారు. "మోకాళ్ళు?"

"మిషను తొక్కే మోకాళ్ళండీ. ఇరవై రెండేళ్ళుగా తొక్కుతూనే ఉన్నాను, ఎక్కడికీ వెళ్ళలేదంతే."

ఆయనకి నవ్వొచ్చింది, కానీ వెంటనే సర్దుకున్నారు. "రెండే షరతులు. యాభై దాటిన వాళ్ళ వీపు మీద ఎనిమిది కిలోలకి మించి ఉండకూడదు. అది నాకైనా సరే, నీకైనా సరే. రెండోది, నువ్వు చలిలో పడుకుని చూడని బ్యాగు పైకి రాకూడదు. పైకెళ్ళాక ఇందులో చలేస్తోందండీ అంటే నేనేం చెయ్యను? శుక్రవారం సాయంత్రం ఇక్కడే తూకం. శనివారం పొద్దున బస్సు. శుక్రవారం తేడా వచ్చిందా, నువ్వు ఇక్కడే ఉంటావు."

"పోనీ, వచ్చే ఏడైనా..."

"వచ్చే ఏడు లేదమ్మా. నాకిదే ఆఖరు. రెండేళ్ళుగా పైన పడుకుంటే వీపు చల్లబడిపోతోంది. వయసు మీద పడింది. ఇక చాలు."

అంటే ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదన్నమాట. 

మేష్టారు వెళ్ళాక ఓనరు అటక మీంచి రెండు బ్యాగులు దింపాడు. కాలేజీ వాళ్ళు గుంపుగా వచ్చి మిగతావన్నీ ముందే తీసుకుపోయారు. ఉన్నవి ఈ రెండే.

"ఇందులో నీకేది నచ్చితే అది తీసుకో. అద్దెకి కాదు, సొంతానికే. ఇన్నేళ్ళ పనికి ఆ మాత్రం ఇవ్వకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నాడు. "మిగిలింది మేష్టారికిస్తాను. ఆయన ఏటా తీసుకెళ్ళేది ఈ ఈకలదే. నీకు కావాలంటే మొహమాటపడకు, ఆయనకి ఫైబరుదిస్తే సరి."

షాపులో వాటిని పిలిచేది ఈకలది, ఫైబరుది అనే. ఈకలదాంట్లో ఉండేది బాతు పొట్ట కింద నూగు. పాలపుంత ముక్కని గుడ్డలో కుట్టినట్టుంటుంది. నొక్కితే కొబ్బరికాయంత అవుతుంది, వదిలితే మంచమంతా పరుచుకుంటుంది. పార్సిళ్ళ తూకం మీద పెడితే కిలోన్నర కూడా లేదు, ఒకటీ రెండు వందలు. ఫైబరుదాంట్లో ఉండేది పాలిస్టరు నార. ఎంత నొక్కినా గ్యాసు బండంత మూట. తూకం రెండు కిలోల మూడు వందలు చూపించింది.

మిగతా సామానంతా సరిగ్గా ఆరు కిలోలు. ఆరు కిలోలకి తేవడానికి జిప్పులక్క ఆ సాయంత్రం పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. దువ్వెనని సగానికి విరిచింది. సబ్బుని నాలుగు ముక్కలు చేసి ఒకటి పెట్టుకుంది. అక్క చాటుగా పెట్టిన స్టీలు డబ్బాని మూడుసార్లు బయటికి తీసింది.

"ఈకలది తీసుకుంటే ఏడూ రెండు వందలు. నవ్వుకుంటూ ఎక్కొచ్చు. ఫైబరుదైతే ఎనిమిదీ మూడు వందలు. గుమ్మంలోనే ఆపేస్తారు" అంది, మంచం మీద రెండు బ్యాగుల మధ్య కూర్చుని.

"ఇంకేం, ఈకలది తీసుకో. ఇందులో ఆలోచించేదేముంది?" అంది అక్క.

"తడిస్తే పనికిరాదక్కా. ఎన్ని చూళ్ళేదు నేను! తడిసిన ఈకల బ్యాగు బల్ల మీదకొస్తే నీళ్ళల్లో పడ్డ పిల్లిలా ఉంటుంది. నూగంతా ఉండలు కట్టి ఒక మూలకి చేరుతుంది. రెండెండలు తగిల్తే గానీ లేవదు. ఫైబరుది అలా కాదు, పిండి ఆరేసుకుని మళ్ళీ దూరచ్చు. తడిగా ఉన్నా వెచ్చగానే ఉంటుందంటారు."

"అంటారా? నువ్వు చూడలేదా?"

"అదేగా వచ్చిన చిక్కు! పడుకుని చూడాలిట. చలిలో. ఈ ఊళ్ళో ఈ రోజుల్లో చలెక్కడ దొరుకుతుంది?"

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న బావ చెయ్యెత్తాడు. బంగాళాదుంపలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో మిషన్లు చూసుకునే ఉద్యోగం ఆయనది. "చలే కదా మరదలా, నా దగ్గరుంది. మూడు డిగ్రీలు. ఎంతసేపు కావాలంటే అంతసేపు. దుంపలతో పాటు పడుకోవాలి, అభ్యంతరం లేకపోతే."

జిప్పులక్క మంచం మీంచి లేచిన ఊపుకి ఫైబరు బ్యాగు కింద పడింది. "బావా! నీ కాళ్ళు ఏవీ!"

"వద్దు వద్దు, బురదున్నాయి" అన్నాడు బావ వెనక్కి జరుగుతూ.

బుధవారం షాపుకి సెలవు. మధ్యాహ్నం పన్నెండింటికి ముగ్గురూ కోల్డ్ స్టోరేజీకి బయల్దేరారు. అక్క ఎందుకొచ్చిందంటే, "నా చెల్లెల్ని మూడు డిగ్రీల గదిలో పెట్టి తలుపేసి నువ్వు టీకి పోతావు, నాకు తెలీదా?" అని మొగుడి మీద నమ్మకం లేక. ఒక ఫ్లాస్కు, రెండు శాలువాలు, బావ మంకీ టోపీ తెచ్చింది. టోపీ తనే పెట్టుకుంది.

అరచెయ్యంత మందం తలుపు, దానికో పెద్ద పిడి. లోపల ప్లాస్టిక్ పట్టీల తెర. తెర తప్పించుకుని అడుగుపెడితే ముక్కు ముందు ఊపిరి తెల్లగా ఆవిరైంది. కప్పు దాకా పేర్చిన గోనె బస్తాలు, మట్టి వాసన, పైన పంకాల హోరు. రెండు వరసల మధ్య చెక్కపలకల మీద బావ ఫోము చాప పరిచాడు. గోడ మీద థర్మామీటరు మూడు దగ్గర నిలబడి ఉంది.

ముందు ఈకలది. జిప్పులక్క దూరి, మెడ దాకా జిప్పు లాక్కుంది. తను వేసిన జిప్పే, సర్రుమంది.

"ఎలా ఉందే?"

"ఇంకా ఏం లేదక్కా. చల్లగా ఉంది."

"చల్లగా ఉంటే ఇంకెందుకే, వచ్చెయ్ బయటికి."

"ఉండవే! బ్యాగుకి సొంతంగా వేడేం ఉంటుంది? నా వేడే పట్టుకుని మళ్ళీ నాకివ్వాలి. పట్టుకోడానికి టైము ఇవ్వద్దూ?"

నాలుగు నిమిషాలైంది. ఐదైంది. ఉన్నట్టుండి బస్తాల మధ్య నించి కేక వినిపించింది. "వచ్చింది! వచ్చిందక్కా!"

"ఏమిటే వచ్చింది?" అక్క ఫ్లాస్కు వదిలేసి పరిగెత్తింది.

"వెచ్చదనం! అయ్యో, ఎంత బాగుందో! మీద ఏమీ లేనట్టే ఉంది, కానీ అంతా ఉంది. పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. బావా, నేనిక లేవను. నాకు భోజనం ఇక్కడికే పంపించెయ్యి."

"కాన్పుల వార్డులో కూడా ఇన్ని కేకలుండవు" అన్నాడు బావ. కానీ ఆయన కూడా నవ్వుతూనే చేతిగడియారం చూసి కాగితం మీద టైము రాసుకున్నాడు.

జిప్పులక్క కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళూ వేల మంది ఇలాగే కళ్ళు మూసుకుని ఉంటారు, అనుకుంది. అయితే వీళ్ళందరూ ఎందుకు తిరిగొచ్చారో! ఇంత తేలికైనదాన్ని వదిలేసి ఆ బండ మూట ఎవరు మోస్తారు? ఇక ఆలోచించేదేం లేదు, ఇదే నాది. మేష్టారికి రెండోదిస్తే సరి.

పావుగంట గడిచాక ఎడమ భుజం కింద ఏదో తగిలినట్టయింది. తగలడం కూడా కాదు. భుజం దగ్గర్నించి నడుము దాకా ఎవరో తడిదారం ఒకటి ఆనించినట్టుంది. కింద చెక్కపలకల మధ్య సందు కాబోలు అనుకుని పక్కకి జరిగింది. దారం కూడా జరిగింది. చాపని బయటికి లాగించి, మడత పెట్టించి, మళ్ళీ పరిపించింది. దారం అక్కడే ఉంది. బ్యాగుని కదలనివ్వకుండా లోపలే బోర్లా తిరిగింది. ఇప్పుడా గీత గుండెల మీదకొచ్చింది.

"బావా, టార్చి."

బయటికొచ్చి, శాలువా కప్పుకోవడం కూడా మరిచిపోయి, బ్యాగుని లోపలి వైపు తిప్పింది. టార్చి వెలుగులో కనిపించింది. ముదురు నీలం దారం, రెండు వరసల కుట్టు, భుజం నించి నడుము దాకా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. చివర్న చిన్న ఇంటూ గుర్తు. షాపులో ఎవరినడిగినా చెప్తారు, ఆ ఇంటూ ఎవరిదో.

రెండేళ్ళ క్రితం సంగతి. ఏదో కంచెకి తగిలి ఈ బ్యాగు రెండు పొరలూ చిరిగి వచ్చింది. బల్ల మీద పరిచి, రెండు పొరల్నీ కలిపి పట్టుకుని, ఈ చివర్నించి ఆ చివరికి మిషను పరిగెత్తించింది. ఒకసారి చాలక రెండోసారి. "ఇక ఏనుగు లాగినా ఊడదు" అని ఓనరుకి లాగి చూపించింది కూడా. నిజమే, ఊడలేదు. కానీ పై గుడ్డా లోపలి గుడ్డా అతుక్కుపోయిన చోట నూగు నిలవడానికి సందేదీ? నూగు లేని చోట చలికి అడ్డేదీ? గుడారానికి అలా కుడితే భేషు. పడుకునే పక్కకి కుడితే, పడుకున్న వాళ్ళ వీపు మీదకి తిన్నగా ఒక దారి వేసినట్టు.

పడుకుని చూస్తే మొదటిరోజే తెలిసేది. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి దూరి చూస్తే చాలు.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళుగా వీపు చల్లబడుతోందన్నారు. ఏటా ఈకలదే తీసుకెళ్తారన్నాడు ఓనరు. జిప్పులక్క పక్కనున్న బస్తా మీద కూలబడింది.

"ఏమైందే? మొహం అలా పెట్టావేం?"

"మేష్టారికి వయసు మీద పడలేదక్కా. ఆయన మీద పడింది నా కుట్టు."

అక్కకి ముందు అర్థం కాలేదు. చెప్పాక మంకీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పంకాలే హోరుమన్నాయి. చివరికి బావ గొంతు సవరించుకున్నాడు. "ఏడవడానికి ఇక్కడ మరీ చల్లగా ఉంది గానీ మరదలా, ముందు రెండోది కూడా చూసెయ్. మూడింటికి మేనేజరు వస్తాడు. దుంపల లెక్కలో నిన్ను ఎక్కడ చూపించను?"

ఫైబరుదాంట్లో దూరింది. చిన్నప్పుడు నిద్రలో అక్క కాలు మీదేసినట్టు ఎంత బరువో! వెచ్చబడటానికి పది నిమిషాలు పట్టింది. కానీ వచ్చిన వెచ్చదనం అంతటా ఒకేలా వచ్చింది, గీతలూ మచ్చలూ లేకుండా. ఒక్క కాళ్ళ దగ్గరే చిక్కు. ఆరడుగుల మనిషి కోసం చేసిన బ్యాగు. ఆమె పాదాల కింద ఇంకొకరు కాళ్ళు ముడుచుకుని కూర్చునేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచి చలి అరికాళ్ళని గిల్లుతోంది.

కాళ్ళు ముడుచుకుని తిట్టుకుంటూండగా మెడ దగ్గర సెగ పుట్టింది. ఈ రెండేళ్ళుగా వేళాపాళా లేకుండా వచ్చే సెగే. చెవుల దాకా పాకి, ఒళ్ళంతా ఆవిర్లు కక్కి, రెండు నిమిషాల్లో జాకెట్టు తడిసి ముద్దయింది.

"అదేమిటే, నుదుటి మీద చెమటలు! మూడు డిగ్రీల్లో చెమటలు పట్టిన మనిషిని నిన్నే చూశాను."

"నీకు రాలేదేమిటి, ఈ వయసులో?"

"వస్తే ఫ్యాను వేసుకున్నాను గానీ, బంగాళాదుంపల్లో దూరలేదు."

సెగ దిగిపోయింది. ఇప్పుడు తడిబట్టల్లో వణుకు రావాలి. జిప్పులక్క పళ్ళు బిగబట్టి ఎదురుచూసింది. ఒక నిమిషం. మూడు. ఏడు. వణుకు రాలేదు. లోపలి గుడ్డ చెమ్మగా ఉంది, అయినా వెచ్చగానే ఉంది! ఇదే ఈకలదాంట్లో జరిగితే? మూడు రాత్రులు, పూటకి రెండుసార్లు ఈ సెగ వస్తే, వాన సంగతి దేవుడెరుగు, తన చెమటకే నూగు ఉండలు కట్టేస్తుంది. ఇన్నాళ్ళూ తడి పైనించే వస్తుందనుకుంది. తన ఒంట్లోనే ఒక మబ్బుందని మరిచిపోయింది.

"అక్కా, ఇదే! ఇదే నాది!" అని లేచి కూర్చుంది, బ్యాగు మెడ దాకా ఉండగానే. చూడ్డానికి పెద్ద గొంగళిపురుగు కూర్చున్నట్టుంది. "ఈకలది ఎంత బాగుంటేనేం, అది చెమట పట్టని వాళ్ళకి. మేష్టారిలాంటి ఎండుకట్టె మనిషికి."

"మరి ఎనిమిదీ మూడు వందలు?" అన్నాడు బావ.

జిప్పులక్క కాళ్ళ వైపు ఉన్న ఖాళీని చూసింది. చేత్తో కొలిచింది. ఒక జానెడు, ఇంకో జానెడు.

"బావా, ప్యాంటు పొడుగైతే ఏం చేస్తావు?"

"మడుస్తాను."

"మడిస్తే బరువు తగ్గుతుందా?"

బావ నవ్వాడు. "ఓసినీ! కత్తిరిస్తావా!"

సాయంత్రం ఓనరుకి ఫోను చేసి అడిగితే, "నీ సొంతమన్నాక గొడ్డలితో నరుక్కో, నన్నడగడం దేనికి?" అన్నాడు.

గురువారం పొద్దున బల్ల మీద రెండు బ్యాగులూ పరుచుకుని నిలబడింది. చేతిలో కత్తెర. ఉన్నది రెండు పగళ్ళు. తనది చేసుకోవడానికి ఒక పూట పైనే పడుతుంది. కోసిన చోట నార జారకుండా అడ్డకుట్లు వెయ్యాలి, జిప్పు పొట్టి చెయ్యాలి, కాళ్ళ దగ్గర గుండ్రంగా మూత కట్టాలి. ఈకలదైతే పూర్తిగా ఒక రోజు పని. ముందు తనది ముగించుకుంటే మేష్టారిది అరకొరగా మిగులుతుంది. ఆయనది ముందు పట్టుకుంటే, శుక్రవారం ఐదింటికి తన బ్యాగుకి అడుగు లేకుండా పోవచ్చు. అడుగు లేని బ్యాగుని మేష్టారు తూకం దాకా కూడా రానివ్వరు.

ఫైబరు బ్యాగు మీద సుద్దతో గీత గీసింది. కత్తెర తెరిచింది. పక్కనే నీలం దారం, చివర్న ఇంటూ గుర్తు. కత్తెర మూసేసి, కుట్లు విప్పే కొక్కెం తీసుకుంది.

కిటికీ మూసేసి, ఫ్యాను కట్టేసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక్కో కుట్టూ తెంపింది. ఏనుగు లాగినా ఊడని కుట్టు. తిట్టుకుంటూ విప్పింది. లోపలి పొర వేరుగా, పై పొర వేరుగా చేత్తో కుట్టింది, రెండింటి మధ్యా నాలుగు వేళ్ళ ఎడం ఉండేలా. సూది కన్నాల్లోంచి నూగు బయటికి రాకుండా పైన పలచటి అతుకు పట్టీ వేసింది. ఒక పాత ఈకల కోటు ఎప్పటినించో తుక్కుపెట్టెలో ఉంది. దాంట్లోంచి రెండు గుప్పిళ్ళ నూగు తీసి ఖాళీలో కూరింది. కూరిందానికంటే ఎగిరిందే ఎక్కువ. మధ్యాహ్నం అన్నం తెచ్చిన అక్క తలుపు సందులోంచి చూసి, "ఏమే, గుడ్లు పెట్టావా?" అంది. కొప్పు మీద, కనుబొమల మీద, చేతుల మీద అంతా తెల్లటి నూగే.

సాయంత్రానికి అయింది. కిటికీ తెరిచి బ్యాగుని వెలుతురుకి అడ్డంగా వేలాడదీసింది. నిన్నటిదాకా గీత ఉన్న చోట మిగతా బ్యాగులాగే మెత్తటి నీడ. ఎక్కడా వెలుతురు దూరడం లేదు. గోడ మీద సుద్దతో రాసుకుంది: కాలేజీ వాళ్ళు తిరిగొచ్చాక అన్ని బ్యాగులూ వెలుతురుకి పట్టి చూడాలి. ఇంటూ గుర్తులు ఇంకెన్ని ఉన్నాయో!

శుక్రవారం తెల్లారగానే షాపు తాళం తీసింది. పదహారంగుళాలు ఒక్క దెబ్బకి కత్తిరించింది. ఎంత సంతోషమనిపించిందో! ఇన్నేళ్ళూ పరాయి వాళ్ళ కొలతలకే కుట్టింది. ఇప్పుడు మొదటిసారి తన కాళ్ళని తనే టేపుతో కొలుచుకుంది. మిషను పరిగెత్తింది, ఆమె పరిగెత్తింది. రెండింటికల్లా చివరి కుట్టు. తూకం మీద పెడితే ఒక కిలో తొమ్మిది వందలు! ఆరూ కలిపితే ఏడూ తొమ్మిది వందలు! మళ్ళీ కోల్డ్ స్టోరేజీకి ఆటోలో పరుగు. అరగంట దుంపల మధ్య. అరికాళ్ళు కూడా వెచ్చగా ఉన్నాయి.

"మరదలా, నీకు నెల పాసు రాసివ్వాలేమో" అన్నాడు బావ.

తిరిగొచ్చి సంచి కట్టుకుంటుంటే కిటికీలో సిరా బుడ్డి కనిపించింది. దాని ఊరికి దాన్ని చేర్చకుండా ఎలా వెళ్తుంది? బట్టలో చుట్టి సంచి పై అరలో పెట్టుకుంది.

ఐదింటికి అందరూ వచ్చారు. సంచులు వరసగా గోడకి ఆనించారు. మేష్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ తూకం పక్కన నిలబడ్డారు. జిప్పులక్క ఈకల బ్యాగు పట్టుకుని ఆయన దగ్గరికెళ్ళింది. 

"మేష్టారూ, మీ వీపు చల్లబడేది వయసు వల్ల కాదండీ. నావల్ల. నేను కుట్టిన కుట్టు వల్ల. నిన్న విప్పి సరిచేశాను."

ఎలా జరిగిందో అంతా చెప్పింది, దుంపలతో సహా. మేష్టారు బ్యాగు అందుకుని, ఆ చోట అరచెయ్యి పెట్టి నొక్కారు. వదిలారు. నూగు మెల్లగా ఉబ్బి ఆయన చేతిని పైకి లేపింది.

"రెండేళ్ళమ్మా" అన్నారు. "వేడినీళ్ళ సీసా వీపుకి పెట్టుకుని పడుకున్నాను. మా ఆవిడ మూడు రకాల తైలాలు రాసింది. నా వయసుని నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఇప్పుడా తిట్లన్నీ నీ పేరున రాసుకోవాలా?"

"రాసుకోండి మేష్టారూ" అంది తల వంచుకుని.

ఎవరో ఫక్కున నవ్వారు. మేష్టారి పెదవి కూడా కదిలినట్టే ఉంది, కానీ వెంటనే తూకం వైపు చూపించారు. "అదలా ఉంచు. నీ సంచి పెట్టు."

పెట్టింది. ముల్లు ఊగి ఊగి నిలబడింది. ఎనిమిది దాటింది. ఎనిమిదీ నూట యాభై.

జిప్పులక్క చెవుల్లో కోల్డ్ స్టోరేజీ పంకాలు హోరుమన్నాయి. ఏడూ తొమ్మిది వందలే కదా! ఎక్కడ, ఎలా... అప్పుడు గుర్తొచ్చింది. బుడ్డి.

"నూట యాభై ఎక్కువ" అన్నారు మేష్టారు. "గ్రాము ఎక్కువైనా కుదరదని నీకు తెలుసు. పై అరలో ఏదో బరువుంది. ఏమిటది?"

తీసి చూపించింది. ఎక్కడిదో, ఎన్నేళ్ళదో, ఎందుకు తీసుకెళ్తోందో చెప్పింది. చెప్తూనే బుడ్డిని బల్ల మీద పెట్టేసింది. "ఇక్కడే ఉంచేస్తానండీ. నేను వెళ్ళి చూసొస్తే చాలు."

మేష్టారు మూత తీశారు. చిటికెడు ఇసుక అరచేతిలో పోసుకుని అద్దాల తలుపు దగ్గరికెళ్ళి వెలుతురులో చూశారు. చాలాసేపు చూశారు. క్లాసులో పటం విప్పినప్పుడు ఆయన మొహం ఇలాగే ఉండేదేమో.

"ఇది ఉత్తరపు ఒడ్డు ఇసుకమ్మా. దక్షిణం వైపు ఇంత తళుకుండదు. ఉత్తరం వైపు వాగు దాటాలి, మా బృందాన్ని అటు తీసుకెళ్ళి ఆరేళ్ళైంది." ఇసుకని ఒక్క రేణువు పోనివ్వకుండా మళ్ళీ బుడ్డిలోకి పోశారు. తన సంచి ఎత్తి తూకం మీద పెట్టారు, ఈకల బ్యాగుతో సహా. ఏడూ మూడు వందలు. దాని పక్క జేబులో బుడ్డి దోపారు. ఏడున్నర దాటి ముల్లు నిలబడింది. "నాది తేలిక బ్యాగు కదా. నాకు చోటుంది. ఇప్పుడు నీది మళ్ళీ పెట్టు."

ఏడూ తొమ్మిది వందలు.

"అయితే నేనొస్తున్నట్టేనా మేష్టారూ?"

"రాకపోతే వాగు దాటి దీన్ని నేనెందుకు పోస్తాను? ఎవరి ఇసుక వాళ్ళే పోసుకోవాలి."

జిప్పులక్క ఫోను తీసి, అక్క పలికీ పలక్కముందే అరిచింది. "అక్కా! ఏడు కిలోల తొమ్మిది వందలు!"

"ఎవరికే, పుట్టింది?" అంది అక్క. వెనకాల బావ నవ్వు వినిపించింది.

మేష్టారు కాగితం మీద పదో పేరు రాసుకుంటున్నారు. ఓనరు ఆయన పక్కన చేరి మెల్లగా అడిగాడు. "అయితే మేష్టారూ, ఇదే ఆఖరు సారన్న మాట..."

"ఆగవయ్యా" అన్నారు మేష్టారు తలెత్తకుండా. "ముందు మూడు రాత్రులు ఈవిడ కుట్టు మీద పడుకుని చూడనీ."

జిప్పులక్క సంచి భుజాలకి తగిలించుకుని, పట్టీలు బిగించి, వీధిలోకి నడిచింది. ఇల్లు కుడివైపు, ఐదు నిమిషాల దూరం. ఎడమవైపు తిరిగింది, ఊరంతా చుట్టి వెళ్దామని.